చెప్పుల కోసం ఆగిన మనిషి

లీలావతి ఆంటీ టీవీ ముందు కూర్చోలేదు. వలిచిన బఠాణీల గిన్నె చేత్తో పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడింది.

"నా సీన్ ఒస్తే సెప్పే. నేను సూడను," అంది, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే.

మహతి కింద చాప మీద కూర్చుంది. ఆ ఇంట్లో సోఫా ఉన్నా ఆమె చోటు అదే. దేశం కాని దేశంలో, జురాంగ్ వెస్ట్‌లోని ఆ బ్లాకులో తెలుగు వినిపించే గుమ్మాలు రెండు. ఒకటి తొమ్మిదో అంతస్తులో మహతి వాళ్ళది, ఇంకొకటి పదకొండో అంతస్తులో ఈ ఆంటీది. మహతి ఒంగోలు దగ్గరి పల్లెలో పదో తరగతి ముగించి నాన్న దగ్గరికి వచ్చింది. ఇక్కడి బడిలో చేరడానికి రాయాల్సిన పరీక్ష ఇంకా చాలా దూరంలో ఉంది. అమ్మ అక్కడ టీచరు, ఈ ఏడాది చదువులు అయ్యాకే వస్తుంది. నాన్న చక్రధర్ పొద్దున్నే ఊరికి అటువైపున్న పాయా లేబర్‌లో ఆఫీసుకు వెళితే చీకటి పడ్డాకే ఇంటి ముఖం చూస్తాడు. పగలంతా మహతి ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని, కింద స్టాపులో బస్సులు ఆగి కదిలే చప్పుడు వింటూ ఉంటుంది. కొన్ని రోజులు సాయంత్రం ఆంటీ గేటు దగ్గర నోరు తెరిచాక గాని, ఆ రోజు తన గొంతు ఎలా ఉందో ఆమెకు తెలియదు.

'ఫోర్త్ ల్యాడర్' అన్న ఆ సీరియల్ చూడమని చెప్పింది ఆంటీయే. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి, భాష అలవాటవుతుందని. అది ఒక ఫైర్ స్టేషన్‌లో పనిచేసేవాళ్ళ కథ. మహతికి భాష కంటే వాళ్ళ పని నచ్చింది. నీళ్ళ గొట్టాన్ని నేలమీద పరిచి, లోపలి నీరంతా పోయేలా తొక్కుతూ మళ్ళీ చుట్ట చుడతారు. మంటలోకి వెళ్ళే ముందు ఒకరి ముఖం మీది మాస్కు అంచు చుట్టూ ఇంకొకరు వేలితో తడిమి చూస్తారు. మాటా పలుకూ ఉండదు. అంత జాగ్రత్తగా ఒక మనిషి ఇంకొక మనిషి ముఖాన్ని తాకడం చూసినప్పుడల్లా మహతి కాస్త ముందుకు జరిగేది.

ఈ వారం భాగంలో ఆంటీ ఉంది. మామూలు రోజుల్లో ఆమె చంటిపిల్లల కేంద్రంలో అన్నాలు తినిపిస్తుంది. సెలవు రోజుల్లో సీరియళ్ళలో గుంపులో నిలబడే వేషాలు వేస్తుంది. మార్కెట్లో బెండకాయలు ఏరే మనిషి, ఆసుపత్రి బెంచీ మీద కునికే మనిషి. మాటలున్న వేషం ఇదే మొదటిది.

కథలో ఒక భారతీయ కుటుంబం కొత్త ఫ్లాటులో హోమం చేయించుకుంటుంది. పొగకు అలారం మోగకుండా పైకప్పుకు బిగించిన దాని తెల్లటి డబ్బా మీద ప్లాస్టిక్ స్నానం టోపీ తొడుగుతారు. హోమం అయిపోతుంది, టోపీ తీయడం మరిచిపోతారు. కొన్నాళ్ళకు దేవుడి గూటిలో దీపం కర్టెనుకు అంటుకుంటుంది. అలారం మోగదు. ఆ ఇల్లాలు ఆంటీ.

పొగలో ఫైర్‌మన్ ఆమె భుజం పట్టుకుని తలుపు దాకా తీసుకొచ్చాడు. గుమ్మం దగ్గర ఆమె ఆగింది. వంగి నేల తడిమింది. ఒక చెప్పు దొరికింది. రెండోది దొరకలేదు. "ఒక్క నిముసం, నాయినా," అంది తెలుగులో. అతను ఆగలేదు, ఎత్తుకుని బయటికి తెచ్చాడు. వరండా నిండా జనం. ఆమె ఒక చెప్పు చేత్తో పట్టుకుని, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టి దాచుకుంది.

మహతి తల తిప్పి చూసింది. గుమ్మంలో ఆంటీ కూడా ఒక పాదం మీద ఇంకోటి పెట్టుకుని నిలబడి ఉంది.

"అలా చెయ్యమని డైరెక్టర్ చెప్పాడా ఆంటీ?"

"లేదు లా," అంది, ఇక్కడివాళ్ళ ఊతపదం కలిపి. "స్క్రిప్టులో సెప్పులే లేవు. తలుపు కాడికి ఒచ్చేసరికి బయట అంతమంది, లైట్లు, కెమెరా. నా కాళ్ళకేటీ లేవని ఒక్కసారి సిగ్గేసినాది. కట్ అంటాడనుకున్నాను. అన్లేదు."

"నాకు అదే నచ్చింది."

"నిజమా? ఊరికే అనకే." ఆంటీ గిన్నెలోకి చూసి, పాడైన బఠాణీ ఒకటి ఏరి పారేసింది. తర్వాత ఇంకోటి ఏరింది. అది బాగానే ఉంది.

మరునాడు మధ్యాహ్నం మహతి ఫోనులో ఆ సీరియల్ పేరు వెతికింది. ఒక ఇంగ్లీషు పత్రికలో విమర్శ కనిపిస్తే, తెలియని మాటలకు అర్థాలు చూసుకుంటూ మెల్లగా చదివింది. విమర్శ రాసినాయన మొదటి భాగాలను బాగా మెచ్చుకున్నాడు. ఫైర్ స్టేషన్ జీవితాన్ని ఇంత నిజంగా ఎవరూ తీయలేదన్నాడు. ఈ భాగం దగ్గరికి వచ్చేసరికి స్వరం మారింది. ఇల్లు కాలుతుంటే చెప్పులు వెతుక్కునే మనిషిని చూస్తే జాలి కాదు, నవ్వు వస్తుందన్నాడు. ఎక్కడ ఆపాలో తెలియని నటి వల్ల మంచి సన్నివేశం పాడైందన్నాడు. కింద చదివినవాళ్ళ మాటలు. "ఖరీదైన చెప్పులేమో లా," అని ఒకరు. "ఒక చెప్పుకు సగం ప్రాణం," అని ఇంకొకరు. ఎవరో ఆంటీ వంగిన ముక్కను కత్తిరించి, అదే పదే పదే ఆడేలా పెట్టారు. ఆంటీ వంగుతుంది, లేస్తుంది, వంగుతుంది, లేస్తుంది.

మహతి ఫోను బోర్లా పెట్టి వెనక్కి వాలింది. అప్పుడు పైకప్పు కనిపించింది.

వాళ్ళ ఇంటి అలారం మీద కూడా టోపీ ఉంది. సాగే అంచు బిగుసుకుని, పైన సన్నగా మసి. ఈ ఇంట్లోకి వచ్చిన రోజు గణపతి హోమం చేసినప్పుడు తొడిగినది. ఈ ఫ్లాటు జనార్దనరావు అంకుల్‌ది, వాళ్ళు అద్దెకు ఉంటున్నారు. అంకుల్ భార్య సూర్యకుమారి ఆంటీ ఆ రోజు హ్యాండ్‌బ్యాగులోంచి టోపీ తీసి, "హోటల్‌కి వెళ్ళినప్పుడల్లా రెండు తెచ్చి దాస్తాను. ఎవరి గృహప్రవేశమైనా నా బ్యాగే దిక్కు," అని నవ్వింది. ఆవిడ కుర్చీ ఎక్కితే అంకుల్ కుర్చీ పట్టుకున్నారు.

సాయంత్రం నాన్న బూట్లు విప్పుతుండగా మహతి పైకి చూపించింది.

"ఓ, అదా! ఇంకా ఉందా?" అన్నాడు చక్రధర్. "ఆదివారం తీద్దాంలే అమ్మా. స్టూలు ఉంటే గాని అందదు."

శుక్రవారం జనార్దనరావు ఫోను చేశారు. ఇటు వైపు ఉండే కొన్ని తెలుగు కుటుంబాలు నెలకోసారి కలుస్తాయి. ఆ రోజు పంచడానికి ఒక చిన్న పత్రిక అచ్చువేస్తాయి. దాని పని అంతా ఆయనదే.

"అమ్మా మహతీ, ఆ ఫైర్ స్టేషన్ సీరియల్ చూశావా? గ్రూపులో అందరూ అదే గొడవ. నువ్వొక రివ్యూ రాయాలమ్మా. మన పిల్లలందరిలో తెలుగులో నాలుగు వాక్యాలు తిన్నగా రాసేది నువ్వొక్కదానివే. మావాడు అభిరామ్‌ని అడిగితే, గూగుల్ చేసి ఇస్తా నాన్నా అంటున్నాడు."

"నేనా అంకుల్?"

"నువ్వే. ఫోటో వేసి, పేరు పెద్దగా వేస్తాం."

ఫోను పెట్టేశాక మహతి ముఖం కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఈ ఊరికి వచ్చాక తనకు చేతనైన పని ఒకటి ఎవరైనా అడగడం ఇదే మొదలు. ఒక్క బిగిన రాసింది. మాస్కు అంచు తడిమే వేలి గురించి రాసింది. చెప్పుల గురించి రాసింది. 'ఆమె ఒక్క నిమిషం అడిగింది చెప్పుల కోసం కాదు. నలుగురిలోకి మనిషిలా రావడం కోసం' అని రాసి, అది ఎక్కువైందేమో అని కొట్టేసి, మళ్ళీ రాసింది. చివర్లో, 'ఇది చూశాక నేను తలెత్తి చూశాను. మా ఇంట్లో కూడా టోపీ తీయలేదు. మీరూ ఒకసారి చూడండి' అని ముగించింది. చదువుకుంటుంటే అందులోని వాక్యాలు నోటికి వచ్చేశాయి. ఆ సాయంత్రమే కాగితం అంకుల్‌కి ఇచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం నాన్న పత్రిక కట్ట ఒకటి మోసుకొచ్చాడు. యూత్ పేజీలో పైన ఆంటీ ఫోటో, వంగి నేల తడుముతున్నది. కింద మహతి పేరు. మధ్యలో పెద్ద అక్షరాలతో 'మన ఇళ్ళను ఇలాగేనా చూపించేది?' అని ఉంది.

మహతి నిలబడే చదివింది. మాస్కు గురించి రాసిన మాటలు ఉన్నాయి. ఆ తర్వాత ఉన్నవి తనవి కావు. 'హోమం చేసుకునే తెలుగువాళ్ళెవరూ ఇంత నిర్లక్ష్యంగా ఉండరు. కాలుతున్న ఇంట్లో చెప్పులు వెతుక్కునే తెలివితక్కువ ఆడదానిగా మన స్త్రీని చూపించారు. నాలుగు డాలర్ల వేషం కోసం మన పరువు తీసేవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి.' అలారం సంగతి లేదు.

ఆమె జనార్దనరావుకు ఫోను చేసింది. అవతల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

"అంకుల్, నేను రాసింది అది కాదు."

"నువ్వు రాసింది బాగుందమ్మా. కానీ మరీ ఉత్తరం రాసినట్టు ఉంది. రివ్యూ అంటే ఒక స్టాండ్ ఉండాలి. కాస్త సాపు చేశాను, అంతే."

"మా ఇంట్లో అలారం మీద..."

"అదే చెప్తున్నా. ఆ ఫ్లాట్ నాది. అలారం మూసి ఉంది అని నువ్వే పత్రికలో వేస్తే, చదివినవాడు కంప్లైంట్ ఇవ్వకుండా ఊరుకుంటాడా? మీ నాన్నకీ, నాకూ ఇద్దరికీ తలనొప్పి. నీ మంచికే తీసేశాను."

"లీలావతి ఆంటీ చూస్తే?"

"ఆవిడ మనలో కలిసిందెప్పుడమ్మా? వాళ్ళు ఎప్పుడో తాతల నాడు మలయా రబ్బరు ఎస్టేట్లకు కూలికి వచ్చినవాళ్ళు. వాళ్ళ దారి వేరు." ఆయన గొంతు మెత్తబడింది. "రేపు మైక్‌లో నువ్వే చదవాలి. ఎల్లుండి నీ ట్యూషన్ సెంటర్ గురించి ఒకాయనతో మాట్లాడుతున్నాను. సరేనా?"

ఆయన ఫోను పెట్టేశారు.

నాన్న కట్ట విప్పుతూ నవ్వుతున్నాడు. "లిఫ్టులో లీలావతి గారు కనిపిస్తే ఒకటి ఇచ్చానమ్మా. మా అమ్మాయి మీ గురించి రాసిందని. ఎంత సంబరపడ్డారో!"

"చదివారా?"

"ఎక్కడ? ఏదో షూటింగట, పరుగు మీద ఉన్నారు. బ్యాగులో పెట్టుకున్నారు. ఆదివారం కూడా అక్కడేనట."

"నువ్వు చదివావా నాన్నా?"

"నీ పేరు చూశాను," అన్నాడు చక్రధర్.

ఆదివారం క్లెమెంటిలో ఒక అపార్ట్‌మెంటు కింది హాల్లో అందరూ కలిశారు. పులిహోర వాసన, చల్లటి ఏసీ, వెనక పిల్లల ఇంగ్లీషు. మైకు మహతి నుదుటి ఎత్తున ఉంటే సూర్యకుమారి వచ్చి కిందికి దించి, చెవి వెనక్కి ఆమె జుట్టు సర్ది వెళ్ళింది. మహతి హాలంతా వెతికింది. లీలావతి ఆంటీ లేదు. గుండె తేలికపడింది. తేలికపడినందుకు వెంటనే ముఖం వేడెక్కింది.

చదవడం మొదలుపెట్టింది. మాస్కు గురించిన మాటలు దాటేదాకా గొంతు బాగానే ఉంది. ఆ తర్వాత వాక్యం దగ్గర ఆగింది. చోటు మరిచిపోయిందనుకుని జనార్దనరావు ముందు వరుసలోంచి అందించారు. "హోమం చేసుకునే తెలుగువాళ్ళెవరూ..." నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని తననే చూస్తున్నాడు. మహతి ఆ వాక్యం చదివింది. తర్వాతది చదివింది. బడిలో ప్రతిజ్ఞ చెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా చివరి దాకా చదివింది. తెలివితక్కువ ఆడది అన్నచోట ఎవరో "కరెక్ట్!" అన్నారు. చప్పట్లు చాలాసేపు కొట్టారు.

నీళ్ళ దగ్గర జనార్దనరావు కూతురు దీక్షిత పలకరించింది. అంబులెన్సు మీద పనిచేస్తుంది. ఆ రోజు డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాగా చదివావు. బట్ హానెస్ట్‌లీ, జనం అలాగే చేస్తారు. ఎవరో ఒకరు దేనికో ఒకదానికి వెనక్కి వెళ్తారు. కళ్ళజోడు, పిల్లి, పర్సు. ఒక అంకుల్ అయితే పళ్ళసెట్టు లేకుండా రానన్నాడు. బయట చాలామంది ఉన్నారట."

"మరి అంకుల్‌కి చెప్పొచ్చుగా అక్కా?"

దీక్షిత కాగితం గ్లాసు నలిపింది. "హీ నెవర్ ఆస్క్ లా. నన్నెవరూ అడగరు," అంది.

ఇంటికి వచ్చాక చక్రధర్ బట్టలు మార్చుకోకుండానే పక్కింటి మలయ్ ఆంటీ దగ్గర స్టూలు అడిగి తెచ్చాడు. ఎక్కి, టోపీ తీశాడు. రాలిన మసి కంట్లో పడితే తుడుచుకున్నాడు. "నువ్వు మొదట రాసింది నాకు చూపించాల్సింది," అన్నాడు స్టూలు మీద నుంచే. మహతి స్టూలు కదలకుండా పట్టుకుంది. ఆయన కిందికి దిగి టోపీని కుళాయి కింద కడిగి, దులిపి, మళ్ళీ పనికొస్తుందని వంటగది సొరుగులో పెట్టాడు.

సోమవారం సాయంత్రం మహతి మెట్లెక్కింది. పదో అంతస్తు దాకా వెళ్ళి ఆగింది. పైన ఆంటీ ఇంటి గేటు తీసిన చప్పుడైంది. కుక్కరు కూత పెట్టింది. ఆంటీ ఆ కాగితం చదివి ఉంటుంది. ఇప్పుడు ఏం చెప్పినా, చదివేశాక చెప్పినట్టే. పదో అంతస్తు వరండాలో ఎవరివో ఆరేసిన చొక్కాలు గాలికి ఊగుతుంటే వాటిని చూస్తూ నిలబడి, కిందికి వచ్చేసింది. ఆ రోజు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్న వచ్చి తిన్నావా అంటే తల ఊపింది.

మంగళవారం సాయంత్రం ఆంటీయే వచ్చింది. గేటు ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి తలుపు కొట్టింది.

"ఏటే, రెండ్రోజుల్నుంచి నీ ముఖం లేదు? కోపమా? మకాన్ అయిందా, తిన్నావా?"

లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు. అందులోంచి పత్రిక పేజీ జాగ్రత్తగా తీసి బల్ల మీద పరిచింది. దాన్ని కత్తెరతో నీటుగా కత్తిరించి ఉంచింది.

"ఇది సదువు."

మహతికి అర్థం కాలేదు. "మీరు చదవలేదా?"

"నాకెలా ఒస్తాదే? ఎస్టేటులో మాకు తమిళ్ బడే. మా మామ్మ తెలుగు నోట్లో పెట్టింది గాని, కంట్లో పెట్టలేదు. మా పిల్ల కీర్తికని అడిగితే, ఐ ఆల్సో డోంట్ నో లా అమ్మా అనేసింది. షూటింగ్‌లో అందరికీ సూపించినాను. నా పేరు ఏదో సూపించమంటే తెలీక, ఇదీ అని ఒకదాని మీద ఏలు పెట్టినాను." ఆంటీ నవ్వింది. "ఏషాలిచ్చే కాస్టింగ్ అమ్మాయి ఫోటో తీసుకుంది. నీ గురించి న్యూస్‌లో ఒచ్చిందా అక్కా అని. నువ్వు రాసినావు కదా, నువ్వే సదువు. నీ నోటితో ఇనాలని ఒచ్చినాను."

మహతి కాగితం దగ్గరికి జరుపుకుంది. దాన్ని చూస్తూ తన వాక్యాలే చెప్పేయవచ్చు. అవి నోటికి వచ్చు. ఆంటీకి తెలియదు, కీర్తికకు తెలియదు. ఆంటీ ముందుకు వంగి, వినడానికి వీలుగా చెవి ఇటు తిప్పి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పిల్లలకు అన్నం తినిపించి తినిపించి ఆ వేళ్ళ చివర్లు నానినట్టు తెల్లగా ఉన్నాయి. రేపు ఆ కాస్టింగ్ అమ్మాయి ఎవరిచేతనో దీన్ని చదివిస్తే?

మహతి ఉన్నది ఉన్నట్టు చదివింది.

మాస్కు గురించిన మాటలకు ఆంటీ తల ఊపింది. హోమం దగ్గరికి వచ్చేసరికి ఊపడం ఆగింది. తెలివితక్కువ ఆడది అన్నప్పుడు ఆంటీ ఒక చేతిని ఇంకో చేతి కింద పెట్టుకుంది. నాలుగు డాలర్ల వేషం అన్నప్పుడు కిటికీ వైపు చూసింది. మహతి గొంతు ఆదివారం పలికినట్టు పలకలేదు. ఒక్కో మాటా విడివిడిగా, బరువుగా వచ్చింది. చివరి వాక్యం అయ్యాక కాగితం మీది నుంచి తలెత్తలేదు.

"ఇది నువ్వు రాసినావా?"

"మొదటి నాలుగు వాక్యాలే నావి."

"మరి పేరు నీదే కదా?"

"నాదే."

"ఆదివారం అందరి ముందరా సదివింది ఇదేనా?"

"ఇదే ఆంటీ. ఆపుదామనుకున్నాను. చదివేశాను."

కింద బస్సు ఆగి, కదిలి వెళ్ళింది. ఆంటీ కాగితం తీసుకుని ఫోల్డరులో పెట్టింది. అక్షరాలు లోపలికి వచ్చేలా మడిచి పెట్టింది. లేస్తుందేమో అనుకుంది మహతి. లేచి వెళ్ళిపోతే ఇక ఈ బ్లాకులో తెలుగు గుమ్మం ఒక్కటే.

ఆంటీ లేవలేదు.

"నువ్వు రాసింది ఏటి?"

"ఆ కాగితం అంకుల్‌కి ఇచ్చేశాను."

"కాగితం నాకెందుకే, సదవడం రాందానికి? నీకు గేపకం ఉందా లేదా?"

"ఉంది."

"మొన్న హాల్లో కూకుని సదివినావా, నిలబడా?"

"నిలబడి. మైకు పెట్టారు."

"అయితే ఇదీ నిలబడే సెప్పు," అంది లీలావతి ఆంటీ. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ముందు వరుసలో మనిషిలా నిటారుగా కూర్చుంది.

మహతి లేచింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకుంది. ఆంటీ కళ్ళలోకి చూసి, మొదటి వాక్యం మొదలుపెట్టింది.